అపోహలు - వాస్తవాలు: కొత్త టైర్లు రెండే కొంటే ముందుకా, వెనక్కా?

ఒడిశా జయపురంలో మా టైర్ల షాపుకి వానలకి ముందు వచ్చేవాళ్లలో చాలామంది రెండు టైర్లే కొంటారు. పెద్ద బండికి నాలుగూ ఒకేసారి మార్చాలంటే మాటలా? రెండే కొనడంలో తప్పేం లేదు. కానీ బిల్లు అవ్వగానే తెలుగులోనైనా ఒడియాలోనైనా ఒకటే మాట: "కొత్తవి ముందుకేసెయ్యండి, స్టీరింగు ముందుంటాది కదా."

మొన్న ఒక స్కార్పియో ఆయనతో అరగంట వాదన. వాళ్ల అమ్మగారిని సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మనిషి అసలే కంగారుగా ఉన్నాడు. దానికి తోడు "ముందు టైరు పేలితే బండి బోల్తా" అని ఎవరో ఫోన్లో పంపిన వీడియో. ఇలాంటి వీడియోలు పంపేవాళ్లెవరూ జాకీ ఎత్తినవాళ్లు కారు.

అపోహ: కొత్త జత ముందుకే.

వాస్తవం: వెనక్కే. ఇంజను లాగేది ముందు చక్రాలనైనా వెనక చక్రాలనైనా సరే, వెనక్కే. టైర్ల కంపెనీలు చెప్పేదీ ఇదే. తడి రోడ్డు మీద టైరు గాళ్లు నీటిని పక్కకి తోసేయాలి. గాడి అరిగితే నీరు పోయే దారి లేక టైరు నీటి మీద తేలుతుంది. ముందు టైర్లు తేలితే మీకు తెలుస్తుంది. స్టీరింగు తేలికైపోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వేగం తగ్గి మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి తేలితే చేతికి ఏమీ తెలియదు. తెలిసేసరికి బండి అడ్డం తిరుగుతూ ఉంటుంది. అప్పుడు భయంతో బ్రేకు తొక్కితే బరువంతా ముందుకి పడి, వెనక ఉన్న కాస్త పట్టూ పోతుంది. ఘాట్ దిగుతున్నప్పుడు బరువు ముందే ముందుకి ఉంటుందని వేరే చెప్పాలా?

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. షాపు పెట్టిన కొత్తలో మా చిన్నాన్న బొలేరోకి నా చేత్తోనే కొత్త జత ముందు బిగించాను. శ్రావణమాసం, సన్నటి జల్లు. సుంకి ఘాట్ దిగుతుంటే మలుపులో లారీ కనపడింది, చిన్నాన్న బ్రేకు తొక్కాడు. స్టీరింగు తిన్నగానే ఉంది, బండి మాత్రం వెనక నుంచి తిరిగింది. పక్కసీటు అద్దంలోంచి లోయ వైపు పిట్టగోడ, ఆ తర్వాత మేం దిగి వచ్చిన రోడ్డే ఎదురుగా. కొండ వైపు కాలవలో వెనక చక్రం దిగబడి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. చిన్నాన్న దిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని చూసి, "కొత్తవే కదరా" అన్నాడు. నేను వెనక టైరు మీద చెయ్యి పెట్టాను. టైరు గాడిలో గోరు కూడా దిగలేదు.

మరి ముందు టైరు పేలితే? టైరు పేలేది గాలి తక్కువై, బరువు ఎక్కువై, లేదా ముసలిదై. అలాంటి టైరు ముందూ ఉండకూడదు, వెనకా ఉండకూడదు. గాళ్ల అడుగున చిన్న దిమ్మెలుంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. గ్రిప్పు వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. వానల్లో ఘాట్ ఎక్కేవాళ్లు అంతవరకూ ఆగొద్దు. ఎనిమిది, పది వేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందూ వెనకా మార్పిస్తే నాలుగూ కలిసి అరుగుతాయి, అసలీ గొడవే ఉండదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"గ్రిప్పుంది కదా, ఇంకా రెండేళ్లు తిరుగుతాది." టైరు పక్కన DOT (డాట్) అని మొదలయ్యే అక్షరాల వరస చివర్లో నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అయిదేళ్లు దాటితే ఏటా చూపించండి. పక్క గోడల మీద సన్నటి పగుళ్లుంటే, గ్రిప్పు ఎంతున్నా తీసేయండి. కొత్తది కొనేటప్పుడూ ఈ అంకెలే అడగండి, సిగ్గుపడొద్దు.

"వెడల్పు టైరేస్తే పట్టు ఎక్కువ." 235/65 ఆర్ 17 సైజు తీసి (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు) 245/65 వేస్తే చక్రం 13 మిల్లీమీటర్లు ఎత్తవుతుంది. మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, పైగా వెడల్పు టైరే నీటి మీద ముందు తేలుతుంది. సైజు పక్కన 104 అని ఉంటే ఒక్కో టైరు 900 కిలోలు మోస్తుందని. కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది చవగ్గా వస్తోందని వేయించకండి, స్కార్పియో లాంటివి ఏడుగురు ఎక్కే బండ్లు.

మామూలు గాలి కంటే నైట్రోజన్ మేలంటారా? మామూలు గాలిలోనే 78 శాతం అది. కావాలంటే కొట్టించుకోండి, నష్టమేం లేదు.

"ఎండల్లో గాలి తగ్గించాలి." వద్దు బాబూ. గాలి తగ్గితే పక్క గోడలు ఎక్కువ నలిగి ఇంకా వేడెక్కుతాయి. డ్రైవరు డోరు స్తంభం మీద అంకె ఉంటుంది, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించండి. కోరాపుట్ చలిలో కొట్టించి సాలూరు దిగేసరికి రెండు మూడు పాయింట్లు పెరగొచ్చు. అక్కడ ఆగి తీయించకండి, ఆ లెక్కంతా చూసుకునే ఆ అంకె పెట్టారు.

స్కార్పియో ఆయన చివరికి వెనక్కే వేయించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ స్టెప్నీ చూడమన్నాడు. కింద నుంచి దింపి మట్టి తుడిస్తే 1116. అమ్మగారు ముందుసీట్లోంచి, "అది కూడా మార్చేయండి నాయనా" అన్నారు.