యూనిఫాంలో ఉన్న బేస్‌బాల్ అభిమాని: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను అమెరికా సైన్యంలో పనిచేస్తున్నాను. టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ జట్టు అంటే ప్రాణం. డాలస్‌లో మనవాళ్లు, ముఖ్యంగా సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్లు, ఈ రెండూ ఎలా కుదురుతాయని అడుగుతుంటారు. వాళ్ల మాటల్లో తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: విదేశంలో పోస్టింగ్ పడితే ఆ సీజన్ పోయినట్టే.

వాస్తవం: నిజానికి సైనికుడి బతుక్కి ఇంతగా సరిపోయే ఆట ఇంకొకటి లేదని నా నమ్మకం. ఒక్కో జట్టు సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఉన్నవే 17. మూడు వారాలు ఫీల్డ్ ఎక్సర్‌సైజ్‌కి వెళ్లొస్తే ఫుట్‌బాల్ అభిమానికి ఆరో వంతు సీజన్ పోతుంది. మనకు తిరిగొచ్చిన రోజు కూడా మ్యాచ్ ఉంటుంది.

ఇబ్బందల్లా టైమ్‌తోనే. వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి 7కి మొదలయ్యే ఆట జర్మనీలో అర్ధరాత్రి దాటాక 1 గంటకి, కువైట్‌లో 2కి, కొరియాలో మర్నాడు ఉదయం 8కి వస్తుంది. జర్మనీలో ఉన్నవాళ్లు న్యూయార్క్‌లో మధ్యాహ్నం 1కి ఆడే మ్యాచ్‌లను పట్టుకోవాలి, జర్మనీలో సాయంత్రం 7కి హాయిగా చూడొచ్చు. విదేశాల్లోని అమెరికా సైనిక స్థావరాల కోసం నడిచే టీవీ నెట్‌వర్క్ ఏఎఫ్ఎన్‌లో మ్యాచ్‌లు వస్తాయి, మధ్యలో వ్యాపార ప్రకటనలు ఉండవు. 2023లో రేంజర్స్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్ (సీజన్ ఫైనల్) గెలిచింది నవంబర్ 1 రాత్రి. కొరియాలో అది గురువారం ఉదయం, డ్యూటీ వేళ. అలాంటప్పుడు బాక్స్ స్కోరే, అంటే మ్యాచ్ అంకెలన్నీ ఉండే పట్టికే దిక్కు. దాన్ని చదవడం నేర్చుకోండి. ఏ ఇన్నింగ్స్‌లో ఏం జరిగిందో చాలావరకు అర్థమైపోతుంది.

అపోహ: రెండో ప్రపంచ యుద్ధంలో బేస్‌బాల్ స్టార్లు పేరుకే సైన్యంలో ఉన్నారు, అసలు యుద్ధం చూడలేదు.

వాస్తవం: కొందరి విషయంలో ఇది నిజమే. జో డిమాజియో సైన్యంలో ఎక్కువగా బేస్‌బాలే ఆడాడు. కానీ బాబ్ ఫెల్లర్ పెర్ల్ హార్బర్ దాడి జరిగిన వెంటనే నేవీలో చేరి, యూఎస్ఎస్ అలబామా యుద్ధనౌక మీద విమాన విధ్వంసక తుపాకుల దగ్గర పనిచేశాడు. దాదాపు నాలుగు సీజన్లు వదులుకున్నాడు. వారెన్ స్పాన్ జర్మనీలో రెమాగెన్ వంతెన దగ్గర గాయపడ్డాడు. తర్వాత వచ్చి 363 మ్యాచ్‌లు గెలిపించాడు. ఎడమచేతి పిచర్లలో (బంతి విసిరేవాళ్లలో) అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు. ఎల్మర్ గెడియన్, హ్యారీ ఓనీల్ అనే ఇద్దరు ఆటగాళ్లు యుద్ధంలోనే చనిపోయారు, అసలు తిరిగే రాలేదు.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది 1945 సెప్టెంబర్ నాటి సంగతి. న్యూరెంబర్గ్‌లో హిట్లర్ యువజన దళం స్టేడియంలో అమెరికన్ సైనికులు తమ సొంత వరల్డ్ సిరీస్ ఆడారు. 50 వేల మందికి పైగా చూశారు. గెలిచిన జట్టులో లియోన్ డే, విలర్డ్ బ్రౌన్ అనే ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లున్నారు. అప్పటికి అమెరికాలో అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్ తలుపులు వాళ్లకు మూసే ఉన్నాయి. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ అక్కడ అడుగుపెట్టింది 1947లో. సైన్యంలో జాతి వివక్షను ఎత్తేస్తూ అధ్యక్షుడు ట్రూమన్ ఆదేశం వచ్చింది 1948లో. ఆ రెండిటికన్నా ముందే నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే జట్టుగా ఆడారు.

అపోహ: బేస్‌బాల్‌ని కనిపెట్టింది జనరల్ ఆబ్నర్ డబుల్‌డే.

వాస్తవం: కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ ఊళ్లో కనిపెట్టాడని చెప్పే 1839లో ఆయన వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో క్యాడెట్. తానే కనిపెట్టానని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు కూడా.

అపోహ: స్టేడియంలో సైనికులకు చేసే సన్మానాలన్నీ క్లబ్బులు అభిమానంతో చేసేవే.

వాస్తవం: చాలా ఉన్నాయి అలాంటివి. కానీ కొన్నిటికి రక్షణ శాఖే డబ్బు చెల్లించిందని సెనేటర్లు మెకెయిన్, ఫ్లేక్ 2015లో నివేదికతో బయటపెట్టారు. ఇది నన్ను బాధపెట్టింది. గౌరవాన్ని కొనకూడదు. దానికన్నా 2016 జులై 3న ఫోర్ట్ బ్రాగ్ సైనిక స్థావరంలో చేసిన పని నాకు నచ్చింది. స్థావరంలోనే స్టేడియం కట్టి, బ్రేవ్స్, మార్లిన్స్ జట్ల చేత లీగ్ మ్యాచ్ ఆడించారు. చూడ్డానికి వచ్చింది సైనికులు, వాళ్ల కుటుంబాలు.

అపోహ: కొరియాకి వెళ్తే ఆటను టీవీలోనే చూడాలి.

వాస్తవం: అక్కడి ప్రొఫెషనల్ బేస్‌బాల్ పోటీ కేబీఓ లీగ్ 1982 నుంచి నడుస్తోంది. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో పాట ఉంటుంది, స్టేడియం మొత్తం పాడుతుంది. కొరియా సైన్యానికి సాంగ్ము అనే సొంత జట్టే ఉంది, ఆటగాళ్లు అందులో ఆడుతూనే తప్పనిసరి సైనిక సేవ పూర్తి చేసుకోవచ్చు. అక్కడి అమెరికా స్థావరం క్యాంప్ హంఫ్రీస్‌లో ఉంటే ప్యాంగ్‌టేక్‌లో రైలెక్కి సువోన్ వెళ్లి ఆ ఊరి జట్టు కేటీ విజ్ మ్యాచ్ చూడండి. తోడుగా కొరియన్ సైనికుడు ఎవరైనా ఉంటే పాటలన్నీ నేర్పిస్తాడు.