చిన్న పెట్టెలో టెరాహెర్ట్జ్: రొద ఎటు పోయింది?

మైక్రోవేవ్‌కు, పరారుణానికి మధ్య ఉండే టెరాహెర్ట్జ్ తరంగాలతో పదార్థాలను పరీక్షించే, చేత్తో మోసుకెళ్ళే పరికరం కొత్తది వచ్చిందంటే చాలు, పాత తగవు మళ్ళీ రాజుకుంటుంది. డైనమిక్ రేంజ్, అంటే అత్యధిక సిగ్నల్‌కు రొద (నాయిస్) మట్టానికి ఉన్న ఎడం, 90 డెసిబెల్స్ అని తయారీదారులు అంటారు, నేల అదిరినా గాలిలో తేమ ఉన్నా పనిచేస్తుందంటారు. అన్ని డెసిబెల్స్ ఉంటే పదార్థం తరంగాన్ని ఎంత పీల్చుకుంటుందో చెప్పే శోషణ గుణకం రేపు కొలిచినా ఇదే వస్తుందా అని కొలతల వాళ్ళు అడుగుతారు. ఈ తగవుకు 2008లోనే బీజం పడింది. ఆ ఏడు మారింది లేజర్ రంగు.

అంతకుముందు కథలో లేజర్ పల్స్‌తో తెరుచుకునే ఆస్టన్ స్విచ్, 1995లో బెల్ ల్యాబ్స్ టెరాహెర్ట్జ్‌తో తీసిన బొమ్మలు అందరూ ఎరిగినవే. ఇక్కడ కావలసింది ఒక్క ముక్క. వికిరణాన్ని వేడిగా కొలిచే బోలోమీటర్ తనమీద పడ్డ శక్తినంతా లెక్కగడుతుంది. 1 టెరాహెర్ట్జ్ ఫోటాన్ శక్తి 4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులైతే, గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి 26 దాకా ఉంటుంది. పరిసరాల వేడిలో సిగ్నల్ మునిగిపోకుండా దానికి ద్రవ హీలియం చల్లదనం కావాలి. ఐబీఎంలో గ్రిష్కోవ్‌స్కీ బృందం 1989-90లో నిలబెట్టిన, పల్స్ ఆకారాన్ని కాలం వెంట కొలిచే టైమ్-డొమైన్ పద్ధతికి ఆ బాధ లేదు. రిసీవర్ చిప్ లేజర్ పల్స్ తగిలినప్పుడు మాత్రమే, అదీ పికోసెకండ్ (సెకండులో లక్ష కోట్లవ వంతు) లోపే తెరుచుకుంటుంది. పల్స్‌తో అడుగు కలపని వేడి వికిరణం సగటులో కొట్టుకుపోతుంది. అంటే రొదను తట్టుకునే గుణం ఈ పద్ధతి పుట్టుకలోనే ఉంది. లేనిదల్లా చిన్నదనం.

దానికి చిప్పే అడ్డం. తక్కువ ఉష్ణోగ్రతలో పెంచిన గాలియం ఆర్సెనైడ్‌కు 800 నానోమీటర్ల వెలుగు కావాలి. ఆ వెలుగుకు టైటానియం-సఫైర్ లేజర్, దానికొక ఆకుపచ్చ పంప్ లేజర్, దానికి చల్లని నీళ్ళు, అన్నిటికీ కలిపి ఒక ఆప్టికల్ టేబుల్. టెలికాం ఫైబర్ లేజర్లు వెలువరించే 1550 నానోమీటర్ల వెలుగును ఆ పదార్థం సరిగా పీల్చుకోదు. పీల్చుకునే ఇండియం గాలియం ఆర్సెనైడ్‌కేమో నిరోధం తక్కువ, వెలుగు లేకపోయినా కరెంటు పారుతుంది. బెర్లిన్‌లోని ఫ్రౌన్‌హోఫర్ హెచ్‌హెచ్‌ఐ వాళ్ళు ఆ కరెంటును తగ్గించడానికి దాని పలుచని పొరల మధ్య ఇండియం అల్యూమినియం ఆర్సెనైడ్ పొరలు పేర్చి, 2008లో మొత్తం ఫైబర్‌తోనే నడిచే, శోషణ వర్ణపటం తీసే స్పెక్ట్రోమీటర్‌ను చూపించారు. టేబుల్ పోయింది, పెట్టె మిగిలింది.

రొద మాత్రం పోలేదు, చోటు మార్చుకుంది. వెలుగు లేనప్పుడు పారే ఆ కరెంటు తగ్గిందే గానీ సున్నా కాలేదు, చిప్ సొంత రొద దాన్నిబట్టే ఉంటుంది. రెండోది ఫైబర్. ఒక మీటరు ఫైబర్ ఒక డిగ్రీ వేడెక్కితే అందులో వెలుగు సుమారు 40 ఫెమ్టోసెకండ్లు (ఒక్కోటి పికోసెకండులో వెయ్యో వంతు) ఆలస్యమవుతుంది. పంపే వైపు, అందుకునే వైపు ఫైబర్లు సమానంగా వేడెక్కితే ఇబ్బంది లేదు. ఒకటి ఎండలో, ఒకటి పెట్టె నీడలో ఉంటేనే చిక్కు.

ఆ చిక్కు ఎంతటిదో లాక్టోజ్ బిళ్ళ చెబుతుంది. లాక్టోజ్ మోనోహైడ్రేట్‌కు 0.53 టెరాహెర్ట్జ్ దగ్గర సన్నని శోషణ గీత ఉంది. పొడిని మెత్తగా నూరి, పాలిఎథిలిన్ పొడితో కలిపి 2 మిల్లీమీటర్ల బిళ్ళగా ఒత్తుతారు. రేణువులు పెద్దవైతే తరంగం చెదిరి, పై పౌనఃపున్యాల్లో లేని శోషణ కనిపిస్తుంది. వక్రీభవన గుణకం 1.5 అనుకుంటే బిళ్ళ పల్స్‌ను 3.3 పికోసెకండ్లు ఆలస్యం చేస్తుంది. మైక్రోమీటర్‌తో మందం 10 మైక్రాన్లు తప్పు చదివితే వక్రీభవన గుణకం 0.0025 తప్పుతుంది. ఫైబర్‌లో ఆ 40 ఫెమ్టోసెకండ్లు జారితే 0.006. బిళ్ళ లోపలి ప్రతిధ్వని 20 పికోసెకండ్ల తర్వాత వస్తుంది. దాన్ని కోసేస్తే స్పష్టత 50 గిగాహెర్ట్జ్‌కు పడిపోయి గీత చదునవుతుంది, ఉంచితే వర్ణపటమంతా అలలు. వీటిలో ఏ ఒక్కటీ 90 డెసిబెల్స్‌తో తీరేది కాదు.

ఆ అంకె సంగతీ చూడాలి. బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ నుంచి నఫ్తాలీ, డడ్లీ 2009లో తేడా విడమరచారు. డైనమిక్ రేంజ్ అంటే అత్యధిక సిగ్నల్‌కు, రొద మట్టానికి నిష్పత్తి. అది ఎంత దట్టమైన శోషణ కొలవగలమో చెబుతుంది. సిగ్నల్-నాయిస్ నిష్పత్తి అదే సిగ్నల్ మళ్ళీమళ్ళీ కొలిస్తే ఎంత ఊగుతుందో చెబుతుంది, చిన్న తేడాలు పట్టేది దానితోనే. ప్రకటనల్లో మెరిసేది మొదటిది. పల్స్‌ను వెయ్యి సార్లు కొలిచి, ఆ ట్రేస్‌లు సగటు చేస్తే అది 30 డెసిబెల్స్ పెరుగుతుంది కాబట్టి, అలా వచ్చిన 90 ఒక్క ట్రేస్‌లో 60 మాత్రమే. అదీ సిగ్నల్ శిఖరానికి చేరే పౌనఃపున్యం దగ్గర. పై పౌనఃపున్యాల్లో 20 డెసిబెల్స్ మిగిలిన చోట ఆ 2 మిల్లీమీటర్ల బిళ్ళలో సెంటీమీటరుకు 22 దాటిన శోషణ ఏదీ కనబడదు. గీత తల తెగిపోతుంది, చూసేవాడు దాన్ని పదార్థ లక్షణమనుకుంటాడు.

తయారీదారుల మాటలోనూ నిజముంది. పెయింట్ పొరల మందం కొలిచేటప్పుడు పై అంచు, కింది అంచు ప్రతిధ్వనులు రెండూ ఒకే ట్రేస్‌లో వస్తాయి. వక్రీభవన గుణకం 1.8 ఉన్న 20 మైక్రాన్ల పొరలో వాటి మధ్య ఎడం 0.24 పికోసెకండ్లు. ఫైబర్ జారినా రెండూ కలిసే జారుతాయి. ట్రేస్ త్వరగా ముగిస్తే కంపనం కూడా అంతే. ఆ పనికి చిన్న పెట్టె చక్కగా సరిపోతుంది.

తేమ మాత్రం అలా రద్దవదు. 0.557, 0.752, 0.988, 1.097 టెరాహెర్ట్జ్ దగ్గర నీటి ఆవిరి గీతలున్నాయి. బిళ్ళ లేకుండా ఒకసారి, పెట్టి ఇంకోసారి కొలుస్తారు కదా, ఆ రెంటి మధ్య తేమ మారితే గీతల తేడా బిళ్ళ వర్ణపటంలోకి దిగుతుంది. అక్కడ ఒక చిన్న శిఖరం మొలిస్తే అది పదార్థానిదో గాలిదో తేల్చడానికి ఇప్పటికీ పాత దారే ఉంది: కొలిచే గూడు మూసి, పొడి నైట్రోజన్ నింపి, రెండు ట్రేస్‌లూ మళ్ళీ తీయడం.