జిల్లా మారినా షీటు మూలలో పాత పేరే: టైటిల్ బ్లాక్ వెనక కథ

2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. అదే రోజు పాలకొండ, పార్వతీపురం కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. రబ్బరు స్టాంపు మార్చాలంటే ఒక పూట పని. డ్రాయింగుల సంగతి అలా కాదు. పాత ఫైలు తెరిచి, సేవ్ యాజ్ కొట్టి, కొత్త పనికి వాడుకోవడం డ్రాఫ్టింగులో రోజూ జరిగేదే. అలా రాజాంలో ఇప్పుడు కట్టే ఇంటి ప్లాను మూలలో కూడా శ్రీకాకుళం జిల్లా అనే ఉండిపోతుంది. ఒక పనికి నలభై షీట్లుంటే ముప్పై ఎనిమిదింటిలో దిద్దుతారు, రెండు మర్చిపోతారు. ఆ రెండూ మిగతావాటితో కలిసి ఆమోదానికి వెళ్తాయి.

కంప్యూటర్లో ఒక్క మాట మార్చడం ఇంత కష్టం కాకూడదు. ఎందుకు కష్టమైందో తెలియాలంటే షీటు కుడివైపు కింది మూలలో పని పేరు, నంబరు, సంతకాలు ఉండే ఆ పెట్టె, అంటే టైటిల్ బ్లాక్, ఎక్కడి నుంచి వచ్చిందో, కాగితం మీద నుంచి ఫైల్లోకి వచ్చేటప్పుడు ఏం పోగొట్టుకుందో చూడాలి.

ఈ ప్రాంతంలో జిల్లా పేరు మారడం కొత్తేమీ కాదు. పార్వతీపురాన్నే తీసుకోండి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉంది. తర్వాత శ్రీకాకుళంలో. 1979లో విజయనగరం జిల్లా పుట్టినప్పుడు సాలూరు, బొబ్బిలి, చీపురుపల్లితో పాటు అందులోకి. ఇప్పుడు మన్యం జిల్లా కేంద్రం. అక్కడి పాత కల్వర్టు డ్రాయింగు ఎవరైనా భద్రంగా దాచి, మార్పు వచ్చినప్పుడల్లా దిద్దుతూ వచ్చి ఉంటే దాని మూలలో నాలుగు జిల్లాల పేర్లు వరసగా కనిపించేవి.

ట్రేసింగు పేపరు రోజుల్లో దిద్దడం అంటే బ్లేడు పని. సగం విరిచిన బ్లేడుతో ఇండియన్ ఇంకును పైపైన గీకాలి. గీకిన చోట గోటితో రుద్ది నున్నగా చేయాలి, లేకపోతే కొత్త సిరా పీచులోకి పాకి అక్షరం ఉబ్బుతుంది. ఒకే చోట రెండు మూడు సార్లు గీకితే కాగితం చిరుగుతుంది. అందుకని దేన్ని దిద్దాలి, దేన్ని అలాగే ఉంచాలి అని ముందే ఆలోచించేవారు. అసలు ట్రేసింగు ఆఫీసు రికార్డులో ఉండేది, పని దగ్గరికి దాని అమ్మోనియా ప్రింటు, అంటే నకలు, వెళ్లేది. ఇక్కడే పెద్ద చిక్కు. ట్రేసింగును దిద్దినంత మాత్రాన సైటులో మేస్త్రీ చేతిలో ఉన్న ప్రింటు మారదు. రెండు కాగితాల్లో ఏది తాజాదో తెలియడానికి పుట్టిందే రివిజన్ పట్టిక: ఏ మార్పు, ఏ తేదీన, ఎవరి సంతకంతో. గీసినవారు, ట్రేస్ చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అనే గడులు కూడా అప్పటి పని విభజన నుంచే వచ్చాయి. ఇప్పుడు ట్రేస్ చేసేవాళ్లు లేరు, ఆ గడి మాత్రం చాలా షీట్లలో ఖాళీగా కొనసాగుతోంది. తీసేయొచ్చు.

పెట్టె కుడివైపు కింద ఎందుకుందంటే మడత కోసం. ఏ1 షీటు 841 × 594 మి.మీ. దాన్ని ఏ4 సైజుకి మడిచి ఫైల్లో పెడితే పైకి కనిపించాల్సింది పేరూ నంబరూ. ఎడమవైపు 20 మి.మీ. మార్జిను ఫైలింగు కోసం, మిగతా మూడు వైపులా 10. దేశంలో ఇవన్నీ ప్రమాణాలుగా స్థిరపడటానికి సమయం పట్టింది. మెట్రిక్ పద్ధతికి ముందు షీట్లు అంగుళాల్లో ఉండేవి. సాధారణ ఇంజనీరింగ్ డ్రాయింగుల భారత ప్రమాణం (ఐఎస్) 696 సవరించిన రూపంలో 1972లో వచ్చింది. టైటిల్ బ్లాకుకే ప్రత్యేకంగా ఐఎస్ 11665 1985లో వచ్చింది. దానికి మూలం 1984 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7200. పాలిటెక్నిక్‌లో, ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవారికి బాగా గుర్తుండేది భారత ప్రమాణాల సంస్థ 1988 నాటి పుస్తకం ఎస్‌పీ 46. అందులోని 185 × 65 మి.మీ. పెట్టెనే డ్రాయింగు క్లాసులో గీయిస్తారు.

2004లో ఐఎస్ఓ 7200ని తిరగరాశారు. అప్పటికి డ్రాయింగు అంటే కాగితం కాదు, ఫైలు. కాబట్టి గీతల కంటే సమాచారానికే ప్రాధాన్యం ఇచ్చి, తప్పనిసరి గడులేవో తేల్చారు: యజమాని సంస్థ, గుర్తింపు నంబరు, జారీ తేదీ, షీటు నంబరు, శీర్షిక, ఆమోదించినవారు, తయారుచేసినవారు, పత్రం రకం. వెడల్పు 180 మి.మీ. అన్నారు. దీని వెనక లెక్క ముచ్చటగా ఉంటుంది. ఏ4 వెడల్పు 210లోంచి ఎడమ 20, కుడి 10 తీసేస్తే సరిగ్గా 180. అంటే ఒకే పెట్టె ఏ4 నుంచి ఏ0 దాకా కొలత మార్చకుండా సరిపోతుంది. క్లాసులో నేర్చిన 185 పెట్టెను ఫైలింగు మార్జిను వదిలిన ఏ4లో పెడితే 5 మి.మీ. ఫ్రేము దాటుతుంది. అప్పుడు దాన్ని స్కేల్ చేసి కుదించడం, దాంతో అక్షరాల ఎత్తు తప్పడం మొదలవుతుంది.

కంప్యూటర్లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేరు 1982 డిసెంబరులో వచ్చింది. మొదటి ఏళ్లలో అందులో ఉన్నది మోడల్ స్పేస్ (బొమ్మను అసలు కొలతల్లో గీసే చోటు) ఒక్కటే. భవనాన్ని అసలు కొలతల్లో గీసి, దాని చుట్టూ షీటును పెంచి పెట్టడం తప్ప దారి లేదు. 1:100 స్కేలులో ఏ1 కావాలంటే ఫ్రేము 84,100 × 59,400 యూనిట్లు, 3.5 మి.మీ. అక్షరం 350 యూనిట్లు. స్కేలు మారితే పెట్టె సైజూ మారాలి. 1990లో రిలీజ్ 11తో పేపర్ స్పేస్ (కాగితం కొలతల్లో షీటు అమర్చే చోటు) వచ్చింది గాని ఫైలుకి ఒక్కటే ఇచ్చింది. ఒక ఫైల్లో కావలసినన్ని లేఅవుట్లు, అంటే అలాంటి షీట్లు, 1999లో విడుదలైన ఆటోక్యాడ్ 2000తోనే సాధ్యమయ్యాయి. అప్పటికే చాలామందికి మోడల్ స్పేస్‌లో పెట్టె పెంచి పెట్టడం అలవాటైపోయింది. అలా నేర్చినవారి దగ్గర నేర్చినవారు ఇప్పటికీ అదే చేస్తున్నారు. నా దృష్టిలో ఈ ఇబ్బందులన్నిటికీ అసలు వేరు ఇదే. ప్రతి స్కేలుకీ ఒక పెట్టె కాపీ, ప్రతి కాపీలో విడిగా టైపు చేసిన జిల్లా పేరు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. టైటిల్ బ్లాకును 1:1లో, మిల్లీమీటర్లలో గీసి బ్లాకుగా (ఒకసారి నిర్వచించి ఎన్నిచోట్లైనా కాపీ పెట్టుకునే బొమ్మగా) చేయాలి. బేస్ పాయింట్‌గా ఫ్రేము కుడివైపు కింది మూలను పెట్టుకుంటే ఏ సైజు షీటులోనైనా అదే మూలకు అతుకుతుంది. ఏ1కి ఫ్రేము 811 × 574, గీత మందం 0.7 మి.మీ. గడుల్లో మారే ప్రతి మాటనూ టెక్స్టుగా కాకుండా ఏటీటీడెఫ్ కమాండుతో యాట్రిబ్యూట్‌గా, అంటే ప్రతి కాపీలో విడిగా విలువ నింపుకునే గడిగా, పెట్టాలి. ట్యాగులో, అంటే ఆ గడి పేరులో, ఖాళీ ఉండకూడదు. తర్వాత దాన్ని లేఅవుట్లో ఉంచి, భవనం మోడల్ స్పేస్‌లోనే ఉండగా వ్యూపోర్టుకి (భవనాన్ని చూపే కిటికీకి) స్కేలు ఇచ్చి తాళం వేయాలి.

మన దగ్గర తరచూ తగిలే దెబ్బ యూనిట్ల దగ్గర. ఇళ్ల ప్లాన్లు అడుగులు, అంగుళాల్లో గీస్తారు. మిల్లీమీటర్లలో ఉన్న టైటిల్ బ్లాకును ఆ ఫైల్లోకి తెస్తే ఇన్‌సర్ట్ యూనిట్లను సాఫ్ట్‌వేరే మార్చేసి పెట్టెను 25.4 రెట్లు కుదిస్తుంది. పెట్టె ఎక్కడుందో కనబడక మళ్లీ మళ్లీ ఇన్‌సర్ట్ చేస్తారు, చుక్కల్లాంటి పెట్టెలు మూలలో పేరుకుంటాయి. ప్రాపర్టీస్‌లో యూనిట్ ఫ్యాక్టర్ 0.0394 అని కనిపిస్తే కారణం ఇదే.

ఇక జిల్లా పేరు. యాట్రిబ్యూట్లు వాడినవారికి కూడా 2022లో ఒక సందేహం వచ్చే అవకాశం ఉంది: బ్లాకు నిర్వచనంలో డిఫాల్ట్ విలువను విజయనగరం అని మార్చి, ఏటీటీసింక్ కమాండు నడిపినా షీట్లలో శ్రీకాకుళమే ఎందుకు కనిపిస్తోంది? ఏటీటీసింక్ సరిచేసేది గడి చోటు, అక్షరాల ఎత్తు, ఫాంటు. అప్పటికే పెట్టిన కాపీల్లోని విలువల జోలికి అది పోదు. పోకూడదు కూడా, పోతే ప్రతి షీటు నంబరూ ఒకటే అయిపోతుంది. డిఫాల్ట్ మార్పు కొత్తగా పెట్టే కాపీలకే వర్తిస్తుంది. పాతవి మార్చాలంటే ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లోని గాట్ (GATTE) కమాండు ఉంది, ఒక ఫైల్లో ఆ బ్లాకు కాపీలన్నిటిలో ఒక ట్యాగు విలువను ఒకేసారి మారుస్తుంది. జిల్లా పేరును కాన్‌స్టంట్ (మారని విలువ) మోడులో పెట్టి ఉంటే మాత్రం కథ వేరు. దాన్ని ఏ షీటులోనూ విడిగా మార్చలేరు గాని, బ్లాకును తిరిగి నిర్వచించగానే ఫైలంతా మారుతుంది.

ఎక్స్‌ప్లోడ్ కొట్టిన, అంటే విడి గీతలుగా విడగొట్టిన పెట్టెతో ఇవేవీ పనిచేయవు. గీత కొంచెం జరపడానికని ఎవరో ఎక్స్‌ప్లోడ్ చేస్తారు. వెంటనే విలువలు పోయి ట్యాగు పేర్లు బయటపడతాయి. కంగారుపడి వాటి మీద మామూలు టెక్స్టు రాస్తారు. ఆ షీటు అక్కడితో గొలుసు తెంపుకున్నట్టే. విడదీయక తప్పకపోతే బర్‌స్ట్ వాడాలి, విలువలు కనీసం టెక్స్టుగా మిగులుతాయి.

అన్ని షీట్లకూ ఉమ్మడిగా ఉండేవి (ఫ్రేము, సంస్థ పేరు, ముద్ర, పని పేరు, మండలం, జిల్లా) ఒక ఫైల్లో పెట్టి ఎక్స్‌రెఫ్‌గా, అంటే లింకుగా, తెచ్చుకోవడం ఇంతకంటే మేలు. ఆ ఒక్క ఫైలు దిద్దితే నలభై షీట్లూ మారతాయి. ఎక్స్‌రెఫ్‌లో విడిగా పెట్టిన యాట్రిబ్యూట్ నిర్వచనాలు కనిపించవు కనుక షీటు పేరు, నంబరు, తేదీ, రివిజన్ మాత్రం ప్రతి లేఅవుట్లోనూ బ్లాకుగా ఉండాలి. వాట్సాప్‌లో ఒక్క డీడబ్ల్యూజీ (డ్రాయింగు ఫైలు) పంపితే అవతలివారికి ఫ్రేము బదులు ఆ ఉమ్మడి ఫైలు దారి రాసిన ఒక వరస మాత్రమే కనబడుతుంది. ఈ-ట్రాన్స్‌మిట్‌తో అన్నీ కలిపి పంపాలి, ఎక్స్‌రెఫ్ దారిని రెలెటివ్‌గా (డ్రాయింగు ఉన్న ఫోల్డరును బట్టి) పెట్టుకోవాలి. పని పెద్దదైతే 2004లో ఆటోక్యాడ్ 2005తో వచ్చిన షీట్ సెట్ మేనేజర్ ఉంది. జిల్లాను ప్రాజెక్టు ప్రాపర్టీగా ఒకసారి రాసి, ప్రతి గడిలో దానికి ఫీల్డు (ఆ విలువను తానే తెచ్చుకునే టెక్స్టు) ఇస్తే సరిపోతుంది.

ఫీల్డులతో ఒక ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. తేదీ గడిలో నేటి తేదీ ఫీల్డు పెడితే ఫీల్డులను అప్‌డేట్ చేసిన ప్రతిసారీ అది మారుతుంది. 2021లో ఆమోదం పొందిన ప్లానులో ఫీల్డులు అప్‌డేట్ చేసి మళ్లీ ప్రింటు తీస్తే ఈ రోజు తేదీతో వస్తుంది. వివాదం వచ్చి రికార్డు చూపాల్సినప్పుడు ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. జారీ తేదీని చేత్తోనే టైపు చేయాలి. ప్లాట్ చేసిన (ప్రింటు తీసిన) తేదీ కావాలంటే ఫ్రేము బయట, మార్జినులో చిన్నగా పెట్టుకోవచ్చు.

తెలుగులో పేర్లు రాసేవారికి మరో రెండు సంగతులు. ఆటోక్యాడ్ సొంత ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లలో తెలుగు లేదు, అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. డీటీపీ కోసం చేసిన పాత ఫాంట్లలో టైపు చేస్తే ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్ ఫాంటు, అంటే గౌతమి లాంటిది వాడి, పీడీఎఫ్ తీసి వత్తులు చెదరలేదని కళ్లతో చూసుకున్నాకే పంపాలి. శ్రీకాకుళంలో ర వత్తు, పార్వతీపురంలో వ వత్తు గీత మీద పడకుండా ఆ గడికి ఇంగ్లీషు గడి కంటే ఎత్తు ఎక్కువివ్వాలి.

ఏ1 షీటును ఖర్చు కోసం ఏ3లో ప్రింటు తీయడం ఇప్పుడు అందరూ చేసేదే. కొలత సగమవుతుంది. 2.5 మి.మీ. అక్షరం 1.25 అయ్యి జిరాక్సులో చెరిగిపోతుంది, మూలలో 1:100 అని రాసింది అబద్ధమవుతుంది. గడుల్లోని విలువల అక్షరాల ఎత్తు 3.5 మి.మీ.కి తగ్గకుండా పెట్టి, స్కేలు గడిలో అంకెతో పాటు ఏ1లో అని రాసి, గీత స్కేలు కూడా గీస్తే కాగితం ఎంత కుదించినా కొలత దొరుకుతుంది.

చివరి చిక్కు పాత డ్రాయింగులది. తోటపల్లి బ్యారేజీ ఇప్పుడు మన్యం జిల్లాలో ఉంది. 2015లో ప్రారంభమైనప్పుడు విజయనగరం జిల్లాలో ఉండేది. అప్పటి షీట్లలో జిల్లా పేరును ఇప్పుడు దిద్దొచ్చా? దిద్దకూడదు. సంతకమై జారీ అయిన డ్రాయింగు ఆ రోజుటి రికార్డు. ఎక్స్‌రెఫ్ పెట్టుకున్నవారు ఇక్కడే జాగ్రత్తపడాలి. ఉమ్మడి ఫైలును మార్చగానే పాత షీట్లు కూడా నిశ్శబ్దంగా మారిపోతాయి. అందుకే జారీ చేసిన రోజునే ఎక్స్‌రెఫ్‌ను బైండ్ చేసి (లింకు తెంపి ఫైల్లోనే కలిపేసి) ఒక కాపీ, పీడీఎఫ్ ఒకటి విడిగా దాచాలి. అదే షీటును మరమ్మతు పనికి మళ్లీ జారీ చేస్తే అప్పుడు రివిజన్ అక్షరం పెంచి, పట్టికలో జిల్లా పేరు మార్పు అని తేదీతో ఒక వరస రాసి, కొత్త సంతకాలు తీసుకోవాలి. నంబరు మాత్రం పాతదే ఉండాలి, అందులో ఎస్‌కెఎల్‌ఎం అని పాత జిల్లా గుర్తు ఉన్నా సరే. ఎస్టిమేట్లు, ఎం బుక్కులు (కొలతల పుస్తకాలు), పక్క షీట్లు ఆ నంబరునే చూపిస్తుంటాయి కాబట్టి. కొత్త పనులకు నంబర్లు ఇచ్చేటప్పుడు జిల్లా గుర్తు బదులు పని గుర్తు, ఏడాది, వరస సంఖ్య పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.