గట్టిగా విసిరితే స్ట్రైక్ పడుతుందా? బౌలింగ్‌పై అపోహలు - వాస్తవాలు

ఇది క్రికెట్ బౌలింగ్ గురించి కాదు. పది పిన్నుల ఆట గురించి: పొడవాటి నున్నటి దారి (లేన్) మీద బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టాలి. మొదటి బంతికే పదీ పడితే స్ట్రైక్. హైదరాబాద్‌లో ఈ ఆట నేర్పుతుంటాను. వారాంతం వచ్చిందంటే ప్రతి లేన్ దగ్గరా ఒకటే మాట: "ఇంకాస్త గట్టిగా వేసి ఉంటే పడేది సార్."

పడేది కాదు.

అపోహ: బలం కొద్దీ స్ట్రైక్.

వాస్తవం: పిన్ను ఏ దిక్కుకు ఎగురుతుందో నిర్ణయించేది బంతి తాకిన చోటు, వేగం కాదు. క్యారమ్స్ ఆడినవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. కాయిన్‌ను తప్పు అంచున తాకితే ఎంత గట్టిగా కొట్టినా పాకెట్‌లో పడదు. ఇక్కడా అంతే. పిన్నులు త్రికోణంలో ఉంటాయి: ముందు 1, దాని వెనక 2, 3, ఆ వెనక 4 నుంచి 6, చివరి వరసలో 7 నుంచి 10, అంకెలు ఎడమ నుంచి కుడికి. కుడిచేతి ఆటగాడి చక్కటి స్ట్రైక్‌లో బంతి స్వయంగా తాకేది 1, 3, 5, 9 పిన్నులనే. మిగతా ఆరింటిని పిన్నులే పడగొడతాయి: ఒకటి రెండును, రెండు నాలుగును, నాలుగు ఏడును, ఆవైపు మూడు ఆరును, ఆరు పదిని, నడుమ ఐదు ఎనిమిదిని. ఈ వరస తెగకుండా సాగాలంటే బంతి 1, 3 పిన్నుల మధ్యకు సుమారు 6 డిగ్రీల కోణంలో దూరాలి. తిన్నగా వేసే బంతికి, లేన్ కుడి అంచు నుంచి వేసినా, ఒక డిగ్రీకి మించి దక్కడం గగనం. అది ముందు పిన్నును తాకి కుడివైపు తప్పుకుంటుంది, ఐదో పిన్ను బతికిపోతుంది. అందుకే చివర్లో బంతి వంగాలి.

బలం అడ్డుపడేది సరిగ్గా ఇక్కడే. ఫౌల్ లైన్ (బంతి వేసేటప్పుడు దాటకూడని గీత) నుంచి ముందు పిన్నుకు 60 అడుగులు. మామూలుగా మొదటి 40 అడుగుల దాకా నూనె ఉంటుంది. దాని మీద బంతి తిరుగుతూనే జారిపోతుంది. లేన్ దాన్ని పట్టుకునేది చివరి 20 అడుగుల పొడి భాగంలో. వేగం పెరిగినంత మాత్రాన ఘర్షణ పెరగదు, దానికి దొరికే సమయం మాత్రం తగ్గుతుంది. వంపు ఆ సమయపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం మూడో వంతు పెంచి చూడండి, కాగితం మీది లెక్కలోనే వంపు దాదాపు సగమైపోతుంది.

ఆఫీసు టోర్నమెంటు కోసం వచ్చిన ఒకాయన బంతిని ధన్‌మని లేన్ మీద పడేసేవారు. పదో పిన్ను కదిలేది కాదు, ఆయన భుజం పట్టుకుని వెనక్కి వచ్చేవారు. అడిగితే అసలు సంగతి చెప్పారు: బంతి లేన్ పక్కనుండే గట్టర్‌లో (కాలువలో) పడితే టీమ్ నవ్వుతుందని భయం. ఆ బెరుకు చాలామందిలో చూశాను, నవ్వాల్సింది కాదు. తోయకుండా చేతిని వదులుగా ఊగనివ్వమన్నాను. మీటరు ఎత్తు నుంచి ఊగి కిందికి వచ్చేసరికి గురుత్వాకర్షణే బంతికి గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగం ఇస్తుంది. మిగతాది నడక చూసుకుంటుంది. భుజం నొప్పి తగ్గాకే ఆయనకు స్ట్రైకులు మొదలయ్యాయి.

అపోహ: మణికట్టు మెలితిప్పితేనే హుక్ (బంతి చివర్లో వంగడం).

వాస్తవం: ముందు బొటనవేలు బయటికి రావాలి, తర్వాత మధ్య, ఉంగరపు వేళ్లు బంతిని పక్క నుంచి పైకి లేపుతూ వదలాలి. మెలితిప్పితే మిగిలేది నొప్పి.

అపోహ: ఖరీదైన బంతి తనంతట తానే వంగుతుంది.

వాస్తవం: 1990ల మొదట్లో వచ్చిన రియాక్టివ్ రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) పైపొర ఉన్న బంతి పొడి లేన్‌ను గట్టిగా పట్టుకునే మాట నిజమే. మీ చేయి తిప్పకపోతే పట్టుకుని ఏం చేస్తుంది? డబ్బు దాచుకోండి.

అపోహ: నూనె పూసేది మనల్ని ఓడించడానికే.

వాస్తవం: ఈ పుకారుకు ఓ దండం. లేన్ ఉపరితలం అరిగిపోకుండా కాపాడటానికే నూనె మొదలైంది.

అపోహ: బూట్ల అద్దె వట్టి దోపిడీ.

వాస్తవం: ఆఖరి అడుగు జారడానికే వాటి అడుగుభాగం నున్నగా ఉంటుంది. కూల్‌డ్రింక్ ఒలికిన చోట తొక్కి అప్రోచ్ (బంతి వేయడానికి నడిచి వచ్చే చోటు) మీదికి రాకండి. పాదం టక్కున ఆగుతుంది, ఒళ్లు మాత్రం బంతితో పాటే ముందుకు పోతుంది.