అరచేతిలో సరస్వతి నుంచి బోర్డు మీద గీతల దాకా

వీధిబడిలో రోజు ఎలా మొదలయ్యేదో బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో రాసిన నివేదికలో ఉంది. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో 'సరస్వతి' అని రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేకొద్దీ ఒక్కోటి ఎక్కువ. చదవనివాడికి బెత్తం, లేదా రెండు చేతులూ కట్టి పైకప్పుకు వేలాడదీయడం, లేదా ఆపకుండా కూర్చోబెట్టి లేపడం. కోదండం, గుంజీలు అని పెద్దవాళ్లు చెప్పేవి ఇవే.

ఆ జిల్లాలో అప్పుడు 533 బడులు, వాటిలో 226 తెలుగువి. పిల్లలు 6,641 మంది, అంటే బడికి సగటున పన్నెండు మంది. ఆ లెక్కన చివరివాడికి పది దెబ్బలు. అది ముందే తెలిసినవాడు బడికి వస్తాడా, చెరువుగట్టుకు పోతాడా? గౌరవం ఒక్కడికే దక్కే ఏర్పాటులో మిగతా పదకొండు మందికి తొందరగా రావడానికి భయమే మిగులుతుంది.

సముద్రం అవతల కూడా కథ పెద్ద తేడాగా లేదు. మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర ఆశ్రమంలో ఆండ్రూ బెల్ 1790ల్లో పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చదువు చెప్పించాడు. ఇంచుమించు అదే పద్ధతిని లండన్‌లో నడిపిన జోసెఫ్ లాంకాస్టర్ బెత్తం వద్దన్నాడు. మంచిగా ఉన్నవాళ్లకు టికెట్లిచ్చి, అవి కూడబెడితే బహుమతులిచ్చాడు. అల్లరివాణ్ణి మాత్రం బుట్టలో కూర్చోబెట్టి పైకప్పుకు ఎత్తించాడు. కోదండం ఇక్కడా తప్పలేదన్నమాట!

టికెట్లు నిజంగా పనిచేస్తాయా అని లెక్కగట్టి చూడటం 1960ల్లో అమెరికాలో ఊపందుకుంది. 1968లో మాడ్సెన్, బెకర్, థామస్ ప్రచురించిన పరిశీలనలో నియమాలు చెప్పడం ఒక్కటే అయితే పెద్దగా ఫలితం లేదు. అల్లరిని పట్టించుకోకుండా వదిలేయడం, మంచిపనిని వెంటనే మెచ్చుకోవడం, ఈ రెండూ కలిసినప్పుడే తరగతి కుదుటపడింది.

మరుసటి ఏడాది బారిష్, సాండర్స్, వుల్ఫ్ 24 మంది ఉన్న నాలుగో తరగతిని రెండు జట్లు చేశారు. ఎవరైనా చోటు వదిలినా, అడగకుండా మాట్లాడినా ఆ జట్టు పేరు కింద బోర్డు మీద ఒక గీత. తక్కువ గీతలున్న జట్టుది గెలుపు, రెండింటికీ గీతలు హద్దులోపు ఉంటే రెండూ గెలిచినట్టే. ఈ రెండో నియమమే కీలకం. సరస్వతి ఒక్కడి చేతిలోనే ఉండక్కర్లేదు. లెక్కల పీరియడ్‌లో మాటల గోల వినిపించే సమయం 96 శాతం నుంచి 19కి పడిపోయింది. చిక్కు కూడా అక్కడే బయటపడింది: ఆడనని మొండికేసినవాడి వల్ల జట్టంతా ఓడుతుంది. అలాంటివాణ్ణి జట్టు నుంచి తీసి, అతని గీతలు విడిగా లెక్కపెట్టారు.

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ వేసిన ప్రశ్న వేరు. స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో రంగుపెన్నులతో బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లల్లో కొందరికి 'వేస్తే బహుమతి' అని ముందే చెప్పారు. ఒకటి రెండు వారాల తర్వాత వాళ్లు ఆ పెన్నులతో గడిపిన సమయం 8.6 శాతం, బహుమతి ఊసే లేనివాళ్లది 16.7. చెప్పకుండా ఇచ్చినవాళ్ల ఇష్టం తగ్గలేదు. ఇష్టంగా చేసే పనికి స్టార్లు అంటించకూడదని మేం గట్టిగా చెప్పేది ఇందుకే. స్టార్లు పిల్లలు ఎగ్గొట్టే పనికే పెట్టాలి. అదీ 'బుద్ధిగా ఉండు' అని కాకుండా 'చెయ్యెత్తి మాట్లాడు' అన్నంత స్పష్టంగా చెప్పాలి. ఒకటో తరగతి పిల్లలకు శనివారం దాకా ఆగమంటే పనిచేయదు, ఆ పూటే ఇవ్వాలి. ఇచ్చిన స్టారు కోపంలో వెనక్కి లాక్కుంటే మొత్తం ఏర్పాటు మీదే నమ్మకం పోతుంది.

మన దేశంలో 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బెత్తం స్థానంలో చాలాచోట్ల వచ్చినవి రెండు: లీడర్ చేత మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించడం, తరగతి బయట నిలబెట్టడం. నలుగురూ తనవైపు చూడాలని అల్లరి చేసేవాడికి బోర్డు మీద పేరే బహుమానం. భిన్నాలు అర్థంకాక గొడవ చేసేవాడికి వరండా హాయి, రేపూ అదే పీరియడ్‌లో గొడవ చేస్తాడు.

అందుకే ముందు వారంపాటు నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి రాసుకోవాలి: గొడవకు ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, వెంటనే అతనికి ఏం దొరికింది. మూడో గడిలో ఒకే మాట పదేపదే వస్తుంటే అతను కోరుకునేది అదే. 'అందరూ నవ్వారు' అని వస్తుంటే పాఠం మొదట్లోనే చాక్‌పీసు అతని చేతికిచ్చి తేదీ రాయించవచ్చు. 'లెక్క తప్పించుకున్నాడు' అని వస్తుంటే పది లెక్కలకు బదులు మూడే ఇచ్చి, మొదటిది పక్కన కూర్చుని చేయించాలి.