రోబో మోటార్ గేర్‌బాక్స్ వేగం మార్చడం: అపోహలు - వాస్తవాలు

చిన్న రోబో బండికి పెట్టేది పసుపు రంగు బీఓ గేర్ మోటార్ కానివ్వండి, సన్నటి ఎన్20 మోటార్ కానివ్వండి, టామియా కంపెనీ డబుల్ గేర్‌బాక్స్ కిట్ కానివ్వండి, మొదట వినిపించే ఫిర్యాదులు రెండే. బండి మరీ దూకుడుగా పోతోంది, లేదంటే కార్పెట్ అంచు ఎక్కలేక ఆగిపోతోంది. రెండింటికీ మందు ఒకచోటే ఉంటుంది గానీ చాలామంది వెతికేది ఇంకోచోట.

అపోహ: కోడ్‌లో పీడబ్ల్యూఎం (మోటార్‌కి కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ సగటు వోల్టేజీ మార్చే పద్ధతి) తగ్గిస్తే వేగం తగ్గుతుంది కదా, గేర్లు మార్చడం దేనికి?

వాస్తవం: వేగంతో పాటు బలమూ తగ్గుతుంది. లెక్క వేసి చూడండి. లోడ్ లేనప్పుడు 200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), పూర్తిగా ఆగిపోయే చోట 0.8 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చే మోటార్ ఉందనుకుందాం. బండిని కదపడానికి 0.3 కావాలి. పూర్తి వోల్టేజీలో అది 125 ఆర్‌పీఎంతో తిరుగుతుంది. పీడబ్ల్యూఎం సగం చేస్తే ఆ 200 కాస్తా 100 అవుతుంది, 0.8 కాస్తా 0.4 అవుతుంది. అదే లోడ్ మీద చక్రానికి మిగిలేది 25 ఆర్‌పీఎం! అదే పూర్తి వోల్టేజీ ఉంచి, గేర్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటార్ తిరిగే చుట్లు) రెట్టింపు చేస్తే, రాపిడి నష్టం తీసేసినా 80 దాకా వస్తుంది. చిన్న ఎత్తు అడ్డం వచ్చి లోడ్ 0.4 అయిందంటే మొదటి బండి నిలబడిపోతుంది, రెండోది ఎక్కేస్తుంది.

లైన్ ఫాలోయర్లు, అంటే నేల మీద గీత వెంట నడిచే రోబోలు, మలుపులో మొరాయించడానికి ముఖ్య కారణం ఇదే. పీడబ్ల్యూఎం విలువ 255కి గాను 60, 70 దగ్గర మోటార్ కూనిరాగం తీస్తుంది తప్ప కదలదు. అసలు వేగాన్ని గేర్లతో కుదుర్చుకుని, పీడబ్ల్యూఎంని మలుపుల్లో సవరణకే వాడండి.

అపోహ: మోటార్‌కి వరుసలో రెసిస్టర్ పెడితే సరి.

వాస్తవం: లోడ్ పెరిగితే కరెంటు పెరుగుతుంది, రెసిస్టర్ మింగే వోల్టేజీ కూడా పెరుగుతుంది. అంటే బలం కావాల్సిన క్షణంలోనే కోత పడుతుంది. వద్దు.

అపోహ: 6 వోల్టుల బ్యాటరీ పెట్టాం కాబట్టి మోటార్‌కి 6 వోల్టులు అందుతున్నాయి.

వాస్తవం: మధ్యలో మోటార్‌ను నడిపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు ఉంటే అందవు. ఒక ఆంపియర్ దగ్గర ఆ చిప్‌లోనే 1.8 నుంచి 3.2 వోల్టుల దాకా పోతాయి. గేర్‌బాక్స్ విప్పే ముందు, బండి నేల మీద నడుస్తుండగా మోటార్ కాళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూడండి. టీబీ6612 లాంటి మాస్‌ఫెట్ డ్రైవర్‌లో నష్టం బాగా తక్కువ. అయితే అది ఒక్కో చానల్‌కు (ఒక్కో మోటార్‌కు) నిలకడగా ఇచ్చేది 1.2 ఆంపియర్లే. టామియాతో వచ్చే 130 మోటార్ 3 వోల్టుల దగ్గర చక్రం ఇరుక్కుంటే సుమారు 2.1 ఆంపియర్లు లాగుతుంది, అంటే ఆ నిలకడ పరిమితి దాటిపోతుంది.

అపోహ: మధ్యలో ఇంకో పెద్ద గేర్ ఇరికిస్తే వేగం తగ్గుతుంది.

వాస్తవం: ఒకే షాఫ్ట్ మీద ఒకే గేర్ ఉంటే అది వట్టి మధ్యవర్తి. 12 పళ్ల గేర్‌కీ 36 పళ్ల గేర్‌కీ నడుమ ఎంత పెద్దది పెట్టినా నిష్పత్తి 3:1 గానే ఉంటుంది, తిరిగే దిశ మాత్రం మారుతుంది. నిష్పత్తి మారాలంటే పెద్ద గేరూ చిన్న గేరూ అతికి ఉన్న జంట గేర్ కావాలి. టామియా డబుల్ గేర్‌బాక్స్‌లో 12.7, 38.2, 114.7, 344.2 అనే నాలుగు నిష్పత్తులు వచ్చేది అలాగే, ఒక్కో జంట చేరినప్పుడల్లా మూడు రెట్లు. 38.2 నుంచి 114.7కి మారిస్తే బండి వెనక్కి పోతుంది, కంగారు పడకండి. మోటార్ వైర్లు అటూ ఇటూ మార్చండి.

అపోహ: పాత బొమ్మలోంచి తీసిన గేర్ ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: రెండు చూసుకోవాలి. మొదటిది మాడ్యూల్, అంటే పంటి సైజు. గేర్ బయటి వ్యాసాన్ని పళ్ల సంఖ్యకు 2 కలిపిన అంకెతో భాగించండి. 36 పళ్లు, 19 మిల్లీమీటర్లు అయితే 0.5. జత గేర్‌కూ అంతే రావాలి. రెండోది షాఫ్ట్‌ల మధ్య దూరం. పెట్టెలో రంధ్రాలు కదలవు కాబట్టి జతలోని పళ్ల మొత్తం మారకూడదు. 12, 36 తీసేసి 16, 32 పెట్టొచ్చు. రెండు జతల్లోనూ మొత్తం 48, దూరం 12 మిల్లీమీటర్లు, నిష్పత్తి మాత్రం 3 నుంచి 2కి వస్తుంది. మొత్తం ఒక్క పన్ను ఎక్కువైనా బిగుసుకుంటుంది, తక్కువైతే లోడ్ మీద పళ్లు జారి టకటకమంటుంది.

అపోహ: నిష్పత్తి ఎంత పెంచితే బలం అంత పెరుగుతుంది.

వాస్తవం: కాగితం మీద అంతే. ప్రతి జంట దగ్గరా కొంత రాపిడికి పోతుంది. వర్మ్ గేర్ (స్క్రూ ఆకారంలో ఉండేది) అయితే సగానికి పైగా పోవచ్చు. పైగా ఆ బలమంతా మోసేది చివరి ప్లాస్టిక్ గేర్. 344 నిష్పత్తిలో చక్రం గోడకు ఆనుకుపోయినా మోటార్ ఆగదు, పళ్లు రాలతాయి.

అపోహ: వేగం మార్చాలంటే గేర్‌బాక్స్ విప్పాల్సిందే.

వాస్తవం: ముందు చక్రం చూడండి. 200 ఆర్‌పీఎం మీద 65 మిల్లీమీటర్ల చక్రం సెకనుకు 68 సెంటీమీటర్లు పోతే, 43 మిల్లీమీటర్లది 45 పోతుంది. నెట్టే బలం ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఖర్చు చక్రాలదే. కాకపోతే 43 సైజువి ఎక్కువగా ఎన్20 షాఫ్ట్‌కు, అంటే 3 మిల్లీమీటర్ల డి ఆకారానికి చేసినవి. రెండు వైపులా చదునుగా ఉండే బీఓ షాఫ్ట్‌కు అవి ఎక్కవు. అడిగి తీసుకోండి. బీఓ మోటారే కొనాలంటే దుకాణంలో 60, 100, 150, 300 ఆర్‌పీఎం అని విడివిడిగా దొరుకుతాయి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, అందుకే చక్రం మీద టేపు ముక్క అంటించి నిమిషానికి చుట్లు లెక్కపెట్టుకోవడం మంచిది.

అపోహ: శబ్దం వస్తే నూనె బాగా పోయాలి.

వాస్తవం: పంటికి పల్చటి పూత చాలు, ప్లాస్టిక్‌కు పడే గ్రీజు అయితే మేలు. డబ్ల్యూడీ-40 ఉన్న గ్రీజును కూడా కరిగించి పట్టుకుపోతుంది. మోటార్ లోపలి బ్రష్‌ల వైపు మాత్రం చుక్క కూడా పోనివ్వకండి.