‘అన్‌కవర్’ అంటే మూత తీయడమేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం నా పని. వార్తలు, వంటల వివరాలు, మందుల డబ్బాల్లో పెట్టే కాగితాలు, చరిత్ర వ్యాసాలు, ఏది వస్తే అది చేస్తాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు చేసినవి దిద్దుతుంటాను కూడా. వాళ్లు పెద్ద పెద్ద మాటల దగ్గర తప్పు చేయరు, ఎందుకంటే అవి తెలియవు కాబట్టి నిఘంటువు తీస్తారు. తప్పులన్నీ తెలిసిన మాటల దగ్గరే. అందులో ‘అన్‌కవర్’ ఒకటి. చూడటానికి ఎంత తేలికో వాక్యంలో పెట్టి తెలుగు చేయబోతే అంత సతాయిస్తుంది.

అపోహ: కవర్ అంటే మనకు తెలిసిందే, దాన్ని విప్పితే అన్‌కవర్.

మనం తెలుగులో వాడే కవర్ వేరు. మనకది ప్లాస్టిక్ సంచి, లేదా ఉత్తరం పెట్టే కవరు. ఇంగ్లీషులో అది కప్పడం అనే పని. లాటిన్‌లో ‘పూర్తిగా కప్పు’ అనే అర్థమున్న క్రియ పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. గిన్నె మీద మూత, పిల్లాడి మీద దుప్పటి, నేల మీద మంచు, నిజం మీద అబద్ధం, ఏది కప్పినా కవరే. ఉత్తరం కవరు చించితే అది ఓపెన్. బహుమతి మీది కాగితం విప్పితే అన్‌వ్రాప్. వీటికి అన్‌కవర్ వాడరు.

అపోహ: ‘మూత తీయి’ అనడానికి ‘అన్‌కవర్ ద లిడ్’ అంటే చాలు.

నేను అందరికన్నా ముందు చెప్పేది ఈ సంగతే, ఎందుకంటే రెండు భాషల చూపు ఇక్కడే విడిపోతుంది. తెలుగులో మనం కప్పిన వస్తువునే పట్టుకుంటాం: మూత తీశాను, దుప్పటి లాగాను, తెర తొలగించారు, ముసుగు తీశాడు. తీసింది దేన్నో అదే మన వాక్యంలో కర్మ. ఇంగ్లీషు అన్‌కవర్‌కు మూతతో పని లేదు, దాని కర్మ ఎప్పుడూ కింద ఉన్నదే. ‘అన్‌కవర్ ద పాట్’ అంటారు, ‘అన్‌కవర్ ద లిడ్’ అనరు. మూతనే చెప్పాలంటే ‘రిమూవ్ ద లిడ్’. అన్‌వీల్‌లో ముసుగు, అన్‌మాస్క్‌లో మాస్కు, అన్‌కార్క్‌లో బిరడా క్రియ లోపలే కూర్చుని ఉంటాయి. బయట కర్మగా కనిపించేవి విగ్రహం, మనిషి, సీసా. తెలుగులోనూ ఈ రెండు దారులూ ఉన్న మాటలు లేకపోలేదు. అరటిపండు ఒలిచాను అంటాం, తొక్క ఒలిచాను అనీ అంటాం. కానీ మూతల దగ్గరా తెరల దగ్గరా మనకు తీసేదే ముఖ్యం.

అలంకార ప్రయోగం కూడా ఇక్కడి నుంచే పుడుతుంది, కాబట్టి ఇది వ్యాకరణం ముచ్చట అని వదిలేయకండి. ‘పోలీసులు కుట్రను అన్‌కవర్ చేశారు’ అన్నప్పుడు మీద కప్పింది ఏమిటో ఇంగ్లీషు చెప్పదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. అందుకే దాన్ని ‘కుట్ర మీది ముసుగు తొలగించారు’ అని రాస్తే మూలంలో లేని ముసుగొకటి తెచ్చి పెట్టినట్టవుతుంది. ‘కుట్రను బయటపెట్టారు’ చాలు. గుట్టు రట్టు చేశారు, బండారం బయటపెట్టారు, బట్టబయలు చేశారు, ఇన్ని మాటలు మనకుండగా ముసుగు కోసం వెతుక్కోవడం ఎందుకు?

అపోహ: ‘అన్‌కవర్డ్’ అని ఉంటే మూత తీసినట్టే.

దీనికి నేనే బలయ్యాను. పని మొదలుపెట్టిన కొత్తల్లో ఒక వంటకం వివరంలో ‘పది నిమిషాలు అన్‌కవర్డ్‌గా ఉడికించండి’ అని ఉంటే ‘మూత తీసి పది నిమిషాలు ఉడికించండి’ అని రాసి పంపాను. సరిచూసినావిడ ఒకే ప్రశ్న అడిగింది, “మూత ఎప్పుడు పెట్టాం?” వెనక్కి వెళ్లి చూస్తే ఎక్కడా పెట్టలేదు. ‘మూత పెట్టకుండా’ అని రాయాల్సింది.

ఇంగ్లీషులో ‘అన్’ ఒకటి కాదు, రెండు. పుట్టుకలో వేరైన రెండు ఉపసర్గలు కాలక్రమంలో ఒకే రూపంలోకి వచ్చాయి. అన్‌హ్యాపీ, అన్‌క్లియర్ లాంటి విశేషణాల ముందు వచ్చేది ‘కాని, లేని’ అని చెబుతుంది. సంస్కృతం నుంచి మనకొచ్చిన అసత్యం, అనర్హం లాంటి మాటల్లోని అ, అన్‌లకు అది చుట్టమే. అన్‌టై, అన్‌లాక్, అన్‌డూ లాంటి క్రియల ముందు వచ్చేది వేరు. అది చేసిన పనిని వెనక్కి తిప్పుతుంది, జర్మన్‌లోని ‘ఎంట్’కు చుట్టం. అన్‌కవర్డ్ అనే రూపంలో రెండూ ఇమిడిపోతాయి కాబట్టి అసలు కప్పనే లేదనీ కావచ్చు, కప్పి తీశారనీ కావచ్చు. అన్‌లాక్డ్‌ది కూడా ఇదే తంతు: తాళం వేయని తలుపా, తాళం తీసిన తలుపా?

వంటలో అయితే గందరగోళంతో సరిపోతుంది. గాయాల సంరక్షణ గురించిన కాగితంలో అలా కాదు. ‘గాయాన్ని అన్‌కవర్డ్‌గా ఉంచండి’ అంటే కట్టు కట్టకుండా వదిలేయమని. ‘గాయాన్ని అన్‌కవర్ చేయండి’ అంటే ఇప్పుడున్న కట్టు విప్పమని. చదివేవాళ్లు మన వాక్యాన్ని నమ్మి చేతులు కదుపుతారు. అందుకే ఇలాంటి చోట అనుమానం వస్తే పైనా కిందా ఉన్న వాక్యాలన్నీ చదివి, కప్పిన సందర్భం కనిపిస్తేనే ‘తీసి’ అని రాయండి, లేకపోతే ‘లేకుండా’.

అపోహ: మూత తీయడమే అసలు అర్థం, రహస్యం బయటపెట్టడం కవులు తగిలించిన అలంకారం.

ఈ అలంకారం కవులతో రాలేదు, దీని వయసు కూడా చిన్నది కాదు. చాలా భాషలు ‘తెలుసుకోవడం’ అనే పనిని ‘కప్పు తీయడం’గానే చూశాయి. డిస్కవర్ అనే మాట తీసుకోండి, అందులో ఉన్నది కూడా ఆ కవరే, ముందు ‘డిస్’ చేరింది, అంతే. ఒకప్పుడు దాని అర్థం అచ్చంగా కప్పు తీయడం, బట్టబయలు చేయడం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో 29వ కీర్తనలో దేవుడి స్వరం అడవుల్ని ‘డిస్కవర్’ చేస్తుందని ఉంటుంది. అంటే కొత్త అడవి కనిపెట్టడం కాదు, ఆకులు రాలగొట్టి చెట్లను బోడి చేయడం. ఈ రోజు అర్థంతో చదివితే ఆ వాక్యం తలా తోకా లేకుండా పోతుంది. జర్మన్‌లో కనిపెట్టడానికి వాడే మాట కూడా ‘కప్పు’ ముందు ‘ఎంట్’ చేర్చిందే. రివీల్‌లో ఉన్నది లాటిన్ ముసుగు. ప్రళయం అనే అర్థంలో వాడే అపోకలిప్స్ కూడా గ్రీకులో మొదట మూత తీయడమే. బైబిల్ చివరి గ్రంథానికి అది పేరు కావడం, అందులో లోకాంతపు దర్శనాలు ఉండటం వల్ల ప్రళయమనే అర్థం అంటుకుంది.

మన ఆవిష్కరణ చూడండి. ‘ఆవిస్’ అంటే కంటికి కనబడేలా, ‘కరణ’ అంటే చేయడం. విగ్రహం మీది గుడ్డ తీసినా ఆవిష్కరణే, పుస్తకం విడుదల చేసినా ఆవిష్కరణే, కొత్త యంత్రం తయారుచేసినా ఆవిష్కరణే. ఒక్క మాటలో ఇన్ని పొరలు ఉండటం నాకు ఎప్పుడూ ముద్దొస్తుంది.

అపోహ: అన్‌కవర్, డిస్కవర్, రివీల్, ఎక్స్‌పోజ్ అన్నీ ‘బయటపెట్టు’, లేదా ‘వెలుగులోకి రావడం’.

కావు. 1846లో నెప్ట్యూన్ గ్రహాన్ని డిస్కవర్ చేశారు అంటారు, అన్‌కవర్ చేశారనరు. దాన్ని ఎవరూ కప్పలేదు, మనకు తెలియలేదంతే. రివీల్ చేసేవాడికి సంగతి ముందే తెలుసు, ఇప్పుడు చెబుతున్నాడు. ఎక్స్‌పోజ్‌లో తప్పు చేసినవాడి పరువు పోతుంది. అన్‌వీల్‌కు వేదిక, చూసే జనం కావాలి. అన్‌కవర్‌లో మాత్రం ఒక పొర ఉంది, దాన్ని ఎవరో కష్టపడి తొలగించారు.

ఆ కష్టాన్ని తెలుగు వార్తలు మింగేస్తున్నాయని నా బాధ. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో డెమొక్రటిక్ పార్టీ కార్యాలయంలోకి చొరబడిన ఐదుగురు పట్టుబడ్డారు. దాని వెనకున్న తీగను బాబ్ వుడ్‌వర్డ్, కార్ల్ బెర్న్‌స్టీన్ అనే ఇద్దరు విలేకరులు నెలల తరబడి లాగుతూ పోయారు. దర్యాప్తు సంస్థలూ, కోర్టూ, సెనేటు కమిటీ తమ వంతు చేశాయి. 1974 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా చేశారు. ఇప్పుడు ‘విలేకరులు అన్‌కవర్ చేశారు’ అనే వాక్యాన్ని ‘కుంభకోణం వెలుగులోకి వచ్చింది’ అని రాస్తే ఏమైంది? కుంభకోణం తనంతట తానే నడిచి వచ్చింది, ఇద్దరు మనుషులు మాయమయ్యారు. బయటపడటం వేరు, బయటపెట్టడం వేరు. మూలంలో కర్త ఉంటే తెలుగులోనూ ఉండాలి, ‘విలేకరులు తవ్వి తీశారు’ అనండి, ‘ఆరా తీసి బయటపెట్టారు’ అనండి. దీనికి ఎదురు మాట కూడా ఆ ఉదంతంలోనే బాగా వినిపిస్తుంది, కవరప్. దానికి మన ‘కప్పిపుచ్చడం’ కన్నా చక్కటి మాట లేదు, కప్పు కూడా అందులోనే ఉంది.

ఒక్కోసారి రెండు అర్థాలూ ఒకే వ్యాసంలో పక్కపక్కనే వస్తాయి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన ఇటలీ నగరం పాంపేయిలో తవ్వకాలు 1748లో మొదలయ్యాయి. అక్కడ గోడ బొమ్మను అన్‌కవర్ చేయడమంటే నిజంగానే బూడిద తొలగించి బయటికి తీయడం. ఆ బొమ్మను బట్టి ఇంటివాళ్ల వ్యాపార సంబంధాలను అన్‌కవర్ చేశారని పక్క వాక్యంలో ఉంటే ‘తేల్చారు’ అనో ‘రాబట్టారు’ అనో రాయాలి. రెండుచోట్లా ‘వెలికితీశారు’ అంటే తప్పు కాదు గానీ పార దెబ్బకీ ఆలోచనకీ తేడా పోతుంది.

అపోహ: రికవర్, అండర్‌కవర్ కూడా ఈ కుటుంబమే.

రికవర్ కాదు. అది తిరిగి పొందడం అనే అర్థమున్న వేరే లాటిన్ మాట నుంచి వచ్చింది, పోలిక పైపైదే. అండర్‌కవర్‌లో ఉన్నది ఈ కవరే, అయితే అది కప్పు కింద ఉండిపోవడం, అంటే మారువేషం. తొందరలో చదివి అన్‌కవర్ అనుకునేవాళ్లను చాలామందిని చూశాను, వాక్యం పూర్తిగా తలకిందులవుతుంది.

అపోహ: అన్‌కవర్ పక్కన కర్మ ఉండి తీరాలి.

పాత ఇంగ్లీషు కథల్లో ఉండకపోవచ్చు. శవయాత్ర వెళ్తుంటే ‘జనం అన్‌కవర్ చేశారు’ అని ఊరికే ఉంటుంది. మొన్న నేను దిద్దిన ప్రతిలో దాన్ని ‘జనం శవపేటిక తెరిచారు’ అని రాశారు. అక్కడ కప్పింది టోపీ, కింద ఉన్నది ఎవరి తల వాళ్లదే. ‘జనం టోపీలు తీసి నిలబడ్డారు’ అని మార్చి పంపాను.